కొత్త తినని నోరు

ఎండాకాలం సెలవులిచ్చిన మర్నాడే మా ఇంట్లో రెండు పనులు మొదలయ్యేవి. నాన్న అటక మీంచి తెరచాప గుడ్డ దించి పెరట్లో ఎండబెట్టేవాడు. అమ్మ ఆవకాయ కలిపేది. కలిపింది అమ్మే అయినా ఉప్పు చూడ్డం మాత్రం నాన్న వంతు. వేలికి అంటిన ముద్దని కూడా నాక్కోకుండా అమ్మ కొళాయి కింద చెయ్యి కడిగేసుకునేది. మీ అమ్మకి పులుపు పడదా అని పక్కింటావిడ ఒకసారి నన్నడిగింది. పడదని చెప్పేశాను. అంతకంటే పొడుగు సంగతి చెప్పే ఓపిక నాకు ఆ వయసులో లేదు.

ఆ సంగతి ఇది. మా అమ్మది కొండ. జోలాపుట్టు జలాశయం నిండినప్పుడు చుట్టూ నీళ్లొచ్చి లంకలా మిగిలిపోయిన ఊరు. ఆ ఊళ్లో ఏ పంటైనా పెద్దలకి, అంటే ఇంట్లో పోయినవాళ్లకి, పెట్టకుండా ఎవరూ నోట్లో వేసుకోరు. అలా పెట్టే పండగని కొత్త అంటారు. చిక్కుళ్లకి కొత్త, సామలకి కొత్త, మామిడికి కొత్త. చెట్టు కింద కాయ రాలి పగిలి వాసనేస్తున్నా పిల్లలు దాన్ని దాటుకుని వెళ్తారు. దిసారి, అంటే మంచి రోజు చూసి చెప్పే పెద్దమనిషి, చెప్పిన రోజున ఇంటి పెద్ద కాయ కోసి, పెద్దలకి చూపించి, ముక్కలు తన చేత్తో ఇంటివాళ్ల అరచేతుల్లో పెడతాడు. ఆ చేతి ముక్క ఎవరికి అందితే వాళ్లు ఆ ఇంటివాళ్లు. దానికి వేరే కాగితమూ లేదు, సాక్షులూ లేరు.

అమ్మ చిన్నప్పుడే మిషన్ హాస్టల్‌కి దిగొచ్చి చదువుకుని సాలూరులో నర్సు అయింది. నాన్న భీమిలి వైపు సముద్రం మనిషి, అదే ఊళ్లో బడిపంతులు. ఇద్దరికీ మిషన్ గుడిలో పాదిరిగారు పెళ్లి చేశారు. ఏప్రిల్ నెల. విందులో మామిడికాయ పప్పు. పెళ్లికూతురు విస్తట్లో వడ్డించిన దాన్ని వద్దంటే అత్తవారు ఏమనుకుంటారోనని అమ్మ నాలుగు ముద్దలు తింది. కొండ మీద అప్పటికి కొత్త అవలేదు. ఆ కబురు అమ్మకంటే ముందే ఊరికి వెళ్లిపోయింది. మామయ్యకి, అంటే అమ్మ అన్నగారికి, గుడిలో పెళ్లయినందుకు కోపం లేదు, సముద్రపు మనిషిని చేసుకున్నందుకూ లేదు. పప్పు తిన్నందుకు వచ్చింది. అమ్మ తర్వాత వెళ్లినప్పుడు అన్నం పెట్టాడు, కోడిని కోశాడు, పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కొత్త మాత్రం చేతికి ఇవ్వలేదు.

అప్పట్నుంచి ప్రతి ఏడూ మామిడి పిందెలు బజార్లోకి వచ్చిన రోజు నుంచి కొండకి వెళ్లేదాకా అమ్మ నోరు కట్టేసుకునేది. మేం ఆవిడ ఎదురుగానే కూర్చుని రసాలు జుర్రుకుంటుంటే ఆవిడ టెంకలు ఏరి బయట పారేసొచ్చేది. అక్కడికి వెళ్లాక మామయ్య గుమ్మంలో నిలబడి ఇంటివాళ్లందర్నీ అడిగినట్టే అమ్మనీ అడిగేవాడు, కొత్త తిన్నావా అని. లేదనేది అమ్మ. సరేనని తలూపి, ఇంటివాళ్లకి చేత్తో పెట్టి, చుట్టాలకి వేసే ఆకులో మాకూ అమ్మకీ కలిపి ముక్కలు వేసి అరుగు మీద పెట్టేవాడు. ఆ ఆకులోంచి అమ్మ ఒక్క ముక్క తీసుకునేది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అదే తంతు. ఇంత ప్రేమగా చూసుకునే మనిషి ఒక మామిడి ముక్క దగ్గర ఇంత మొండిగా ఉంటాడేమిటని నాకు ఒళ్లు మండేది. ఒకసారి పైకి అనేశాను కూడా. అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది. మామయ్యని ఒక్క మాట అననిచ్చేది కాదు.

మా ప్రయాణం రెండు రోజులు. నాన్నకి ఎవరో అమ్మేసుకుని బతికిపోయిన తెల్ల కారొకటి ఉండేది. దాని నెత్తిన తెరచాప గుడ్డ, వెదురు గడలు, తాళ్లు. సాలూరు నుంచి గజపతినగరం మీదుగా శృంగవరపుకోట, అక్కడ్నుంచి ఘాటు ఎక్కి అనంతగిరి, అరకు. రాత్రికి అరకులో నాన్నకి తెలిసిన ఒక పంతులుగారింట్లో పడుకుని, తెల్లారగట్ల డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు దాటి నీళ్ల ఒడ్డుకి. ఒడ్డున మామయ్య పడవ ఉండేది. కొండవాళ్లు తెడ్లు వేసుకునే పడవ అది. దానికి నాన్న వెదురు గడ నిలబెట్టి, తాళ్లు బిగించి, తెరచాప ఎత్తేవాడు. ఊళ్లో ముసలివాళ్లు మొదటిసారి చూసి పంచె ఆరేసుకుంటున్నాడేమో అనుకున్నారట.

నాన్న వాళ్ల నాన్న తెరచాప వేసుకుని చేపల వేటకి వెళ్లిన చివరి మనిషి. తర్వాత అందరూ ఇంజన్లు పెట్టుకున్నారు. నాన్న బడిపంతులై కొండల్లోకి వచ్చిపడ్డాడు. ఏడాదంతా ఎక్కాలు చెప్పుకునే మనిషి ఆ ఒక్క వారం చుక్కాని పట్టుకుని రాజులా కూర్చునేవాడు. మేమూ చప్పట్లు కొట్టేవాళ్లం. సముద్రం మీద గాలికి వేళాపాళా ఉంటుంది, పగలు ఒకవైపు, రాత్రి ఒకవైపు. కొండల మధ్య నీళ్ల మీద గాలి ఎటు పడితే అటు తిరుగుతుంది, ఏదో మలుపు దగ్గర చచ్చిపోతుంది. ఇది మామయ్య చాలాసార్లు చెప్పాడు. సముద్రమే ఈదినవాణ్ణి నాకు చెరువు గురించి చెప్తారా అన్నట్టు నాన్న నవ్వేవాడు.

నేను తొమ్మిదో తరగతి పూర్తిచేసిన ఏడు మార్చిలో మామయ్య ఫోన్ చేశాడు. ఆ ఊళ్లో సిగ్నల్ ఉండదు. అవతలి ఒడ్డుకి వచ్చి గుట్ట ఎక్కి చేశాడు. అందుకని కాబోలు మాటకీ మాటకీ మధ్య ఎగశ్వాస వినపడింది. అలా ఎగరొప్పడం గుట్ట ఎక్కినందుకు కాదని నర్సుగా అమ్మకి తెలిసే ఉంటుంది. ఆయన చెప్పింది ఒక్కటే. ఈ ఏడు కొత్త రోజుకి ముందే వచ్చి ఇంట్లో ఉండు, నా చేత్తో పెడతాను. అమ్మ ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. నాన్న వెళ్లి చూసి, ఏడుస్తోంది, వెళ్లకండి అని మా ఇద్దర్నీ ఆపాడు. ఇద్దరంటే నేనూ, మా చెల్లీ.

ముందే వెళ్లాలనుకున్నాం. తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందంటారు. నాన్నకి బడిలో మూల్యాంకనం పని పడింది, దిసారి చెప్పిన రోజు ఒక వారం ముందుకి జరిగింది. చివరికి మేం బయల్దేరేసరికి కొత్త రోజుకి ఒక్క రోజే గడువుంది. ఘాటు మీద కారు పొగలు కక్కింది. తాగడానికి తెచ్చుకున్న క్యాను నీళ్లన్నీ దాని గొంతులో పోశాం. అరకులో క్యాను నింపుకోవాలని అందరికీ తెలుసు, ఎవరూ నింపలేదు. నేను మాత్రం చెల్లితో పోట్లాడి ఒక మామిడి జ్యూసు సీసా కొనిపించుకున్నాను. మర్నాడు ముంచింగిపుట్టు దాకా దార్లో మూడుచోట్ల ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురుగడ పట్టుకుని పాటలు పాడుతూ బళ్లు ఆపుతున్నారు. చైత్రం పండగకి వాళ్లు అడిగిందిచ్చి కదలాలి, ఆటాడమంటే ఆడాలి. అమ్మ ప్రతిచోటా దిగి, వాళ్ల భాషలో బతిమాలి, బేగి వదలమని దణ్ణం పెట్టింది. ముందురోజు రాత్రి నుంచి ఆవిడ ఏమీ తినలేదు. చేతి ముక్క తీసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో ఉండాలి.

ఒడ్డుకి చేరేసరికి తొమ్మిది దాటింది. మామయ్య పంపిన మనిషి పడవతో కాచుకుని ఉన్నాడు. అతనిది వేరే చిన్న దోనె కూడా ఉంది. లాంచీ గుట్ట అవతలి దారిన తిరుగుతుంది, దానికింకా గంట ఉంది, ఇద్దరం తెడ్లేస్తే రెండు గంటల్లో పోతామన్నాడతను. నాన్న ఆకాశం వైపు చూశాడు, తడిపిన వేలు పైకెత్తి చూశాడు. పడమటి గాలి బాగా ఉంది, చాప ఎత్తితే గంటలో ఉంటాం, నువ్వు సామాన్లు దోనెలో వేసుకుని వెనకాల రా అన్నాడు. ఆ మనిషి ఇంకోమాట అనబోయి ఊరుకున్నాడు. పంతులుగారికి ఎదురుచెప్పడం అతనికి అలవాటు లేదు. ఒక తెడ్డు మాకు వదిలి, ఒకటి తీసుకుపోయాడు. అమ్మ తెడ్లతోనే పోదామని ఒకసారి అంది. ఒక్కసారే.

మొదటి అరగంట నాన్న చెప్పినట్టే అయింది. చాప పొట్ట ఉబ్బింది, దోనె వెనకబడిపోయింది, చెల్లి ఈలలేసింది. నాన్న మొహం చూడాలి ఆ వేళ. తర్వాత ఒక గుట్ట చాటుకి వచ్చాం. గాలి ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయింది. చాప తాళ్ల మీదే కిందకి వాలింది. కాసేపట్లో లేస్తుందన్నాడు నాన్న. దోనె మనిషి దూరంగా మమ్మల్ని దాటుకుని పోతూ చెయ్యెత్తి ఏదో అరిచాడు. వస్తున్నాం, నువ్వు పద అని నాన్న కూడా అరిచాడు. తర్వాత ఆ ఒంటి తెడ్డుతో ఆయన రెండువైపులా మార్చి మార్చి వేశాడు. చాపా గడలూ వేసుకున్న బరువు పడవ అది, కదిలినంత సేపు కదిలి మళ్లీ వెనక్కి తిరిగేది. మధ్యాహ్నానికి లేస్తుంది గాలి, మధ్యాహ్నం గాలి ఎక్కడికి పోతుంది అని తనలో తాను అనుకుంటూనే ఉన్నాడు. మధ్యాహ్నమూ అయింది.

అమ్మ తిట్టలేదు. కొంగు నెత్తిన వేసుకుని ఊరున్న వైపే చూస్తూ కూర్చుంది. ఎంతసేపటికో నా భుజం మీద బరువు పడింది. చూస్తే అమ్మ తల. కళ్లు తేలేసి ఉన్నాయి, పెదాలు ఎండి తెల్లబడ్డాయి. నాన్న తెడ్డు వదిలేసి వచ్చాడు. మొహం మీద నీళ్లు కొట్టాడు. చెల్లి ఏడుపు లంకించుకుంది. తాగడానికేదైనా ఇవ్వవే అన్నాడు నాన్న. నా సంచీలో సీసా ఉంది. మూత తీసి అమ్మ నోట్లో పోశాను.

చుట్టూ నీళ్లే. దోసిట్లో పట్టి తాగించినా సరిపోయేది. అమ్మ పుట్టినప్పట్నుంచి తాగిన నీళ్లే అవి. నాకేమో బడిలో కాచి చల్లార్చిన నీళ్లు తప్ప ఇంకోటి తాగకూడదని నూరిపోశారు, నేను క్లాసు ఫస్టుని. మనిషి ప్రాణం పోతుంటే కూడా నాకు ఆ పాఠమే గుర్తొచ్చిందంటే ఆ చదువుని ఏమనాలో నాకిప్పటికీ తెలీదు. రెండు గుక్కలు దిగాక అమ్మ కళ్లు తెరిచింది. నాలుక పెదాల మీద తిప్పింది. నా చేతిలో సీసా వైపు చూసింది. మెల్లగా లేచి కూర్చుని నీళ్లలోకి వంగి పుక్కిలించింది. పుక్కిలించింది, పుక్కిలించింది, నాన్న చెయ్యి పట్టుకుని ఆపేదాకా.

గాలి నాలుగింటికి లేచింది. ఊరు చేరేసరికి ఎండ పసుపుపచ్చగా ఉంది. కొత్త అయిపోయి ఉంటుందనుకున్నాం. అవలేదు. దోనె మనిషి మేం వస్తున్నామని చెప్పాడట. అందుకని మామయ్య కాయ కోయకుండా ఆపేశాడు. ఇంటిల్లిపాదీ పొద్దుట్నుంచి పస్తు. పిల్లలు అరుగు మీద వాడిపోయి పడున్నారు. మామయ్య గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. ఏడాదిలో సగం మనిషి అయిపోయాడు. అమ్మని చూడగానే ఆ మొహంలో వచ్చిన వెలుగు నేను మర్చిపోలేను, మర్చిపోగలిగితే బాగుండును.

అన్నాచెల్లెళ్లు మామూలుగా ఆదివాసీ ఒరియాలో మాట్లాడుకుంటారు. ఆ రోజు మాకూ తెలియాలనో ఏమో ఆయన తెలుగులోనే అడిగాడు. అందర్నీ వరసగా అడిగి అమ్మ దగ్గరికి వచ్చాడు.

"కొత్త తిన్నావేటి సెల్లీ?"

లేదని చెప్పమ్మా అని నేను లోపల్లోపల అరిచాను. నీళ్ల మీద జరిగింది ఎవరు చూశారు? నాన్న కూడా తల వంచుకున్నాడు గానీ అమ్మ వైపు చూడలేదు. చెప్పొద్దనే ఆయన ఉద్దేశం.

"తెలివి తప్పిపోనాను దాదా. నోట్లో పోసీసేరు. రెండు గుక్కలు దిగిపోయేయి," అంది అమ్మ.

మామయ్య సీసా అడిగి తీసుకున్నాడు. దాని మీద మామిడిపండు బొమ్మని చూశాడు. అది పండు కాదు మామయ్యా, చక్కెరా రంగునీళ్లూనూ అన్నాను నేను. గట్టిగానే అన్నాను, కోపంగా కూడా. ఆయన నన్ను కసరలేదు. సీసా నా చేతికిచ్చాడు. ఆశగా ఇచ్చాడు. ఆయనకీ అది పండు కాకూడదనే ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తట్టలేదు.

"దీన్లో ఏటేటి ఏసేరో రాసుంటాది గదా. సదువు గుంటా."

అక్కడ ఇంగ్లీషు చదవగలిగింది నేనూ నాన్నా తప్ప ఎవరూ లేరు. చక్కెర అని, నీళ్లు అని, రంగు అని చదివి ఊరుకుంటే అయిపోయేది. ఆయన అడిగింది అదే, ఇప్పుడు నాకు అర్థమవుతుంది. కాని చదవమంటే ఉన్నది ఉన్నట్టు చదవడం తప్ప నాకేం తెలుసు? బడి తనిఖీకొచ్చిన అధికారి ముందు నిలబడ్డట్టు నిలబడి చదివాను. నీళ్లు. చక్కెర. మామిడి గుజ్జు.

మామయ్య తల ఆడించాడు. వచ్చే ఏడు సూద్దాం సెల్లీ అన్నాడు. ఇంట్లోకి వెళ్లి కాయ కోశాడు. పెద్దలకి చూపించి, ఇంటివాళ్ల చేతుల్లో పెట్టి, చుట్టాల ఆకులో మా ముక్కలు వేసి అరుగు మీద పెట్టాడు. అమ్మ ఆ ఏడు ఆ ఆకు ముట్టుకోలేదు.

వచ్చే ఏడు ఆయన లేడు. వానాకాలంలో పోయాడు. నీళ్లు పొంగి పడవలు కట్టేసిన వారం. కబురు మాకు చేరేసరికి అంతా అయిపోయింది. అమ్మ డ్యూటీకి వెళ్లి సాయంత్రం దాకా ఇంజెక్షన్లు చేసొచ్చింది. నాన్న తెరచాప గుడ్డని ధాన్యం ఆరబోసుకోవడానికి ఎవరికో ఇచ్చేశాడు.

అయినా ఏప్రిల్‌లో బయల్దేరాం. అమ్మ మళ్లీ నోరు కట్టేసుకుంది. ఎవరి కోసమని నాన్న ఒకసారి మెల్లగా అడిగాడు. ఈసారి నీళ్ల మీద లాంచీలో వెళ్లాం, ముప్పావు గంట పట్టింది. నిరుడు ఆ లాంచీ కోసం ఇంకో గంట ఒడ్డున ఆగి ఉంటే అయిపోయేదని ఎవరం పైకి అనలేదు.

ఇంటి పెద్ద ఇప్పుడు మామయ్య కొడుకు. అరకులో ఒక రిసార్టులో పని చేస్తాడు, రెండు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. మంచివాడు. మమ్మల్ని చూసి పరిగెత్తుకొచ్చి సంచులు అందుకున్నాడు. కాయలు కోసి స్టీలు పళ్లెంలో వేసి, పెద్దల కోసం గోడ వైపు ఒకసారి చూపించి, ఇంటివాళ్లూ చుట్టాలూ అని చూడకుండా అందరికీ పెట్టుకుంటూ వచ్చాడు. లాంచీ నడిపేవాడికి కూడా పెట్టాడు. నా చేతిలో పెట్టాడు. నాన్న చేతిలో పెట్టాడు. అమ్మ దగ్గరికొచ్చి, తీసుకో అత్తా అన్నాడు.

అమ్మ చెయ్యి చాపలేదు. "అడగరా," అంది.

"ఏటడగాల?"

"కొత్త తిన్నావా అని."

వాడు నవ్వాడు. ఎగతాళి కాదు, ఇబ్బందిగా నవ్వాడు. "అయన్నీ ఇప్పుడెవులు సూత్తన్నారత్తా. అరకులో నాను నెల్నించి తింటన్నాను."

అమ్మ అలాగే నిలబడింది. వాడికి ఏమనిపించిందో, పళ్లెం కింద పెట్టి, తండ్రి నిలబడ్డట్టే గుమ్మంలో నిలబడి అడిగాడు. తినలేదు అంది అమ్మ. గట్టిగా, అందరికీ వినపడేలా అంది. వాడు ముక్క తీసి అమ్మ అరచేతిలో పెట్టాడు. పదిహేనేళ్లకి పైగా ఆవిడ కోరుకుంటూ వచ్చిన ముక్క ఆ అరచేతిలో ఉంది. అమ్మ దాన్ని నోట్లో వేసుకుని నమిలింది. మింగింది. గోడ పక్కన కూర్చున్న అత్త, అంటే మామయ్య భార్య, దగ్గరికి వెళ్లి ముందు కూలబడింది.

"వదినా, నాను ఇంటిదాన్నయినట్టేనా?"

అత్త అమ్మ మొహంలోకి చూసింది. "ఆయనుంటే సెప్పీవోడమ్మా," అంది.

లాంచీ వాడు పిలుస్తున్నాడు, మళ్లీ సాయంత్రం దాకా రానంటున్నాడు. అమ్మ లేచి కొంగుతో చెయ్యి తుడుచుకుని ముందు నడిచింది. మేం ఆ కొండకి మళ్లీ వెళ్లలేదు. ఇప్పుడు మా బజార్లోకి మొదటి మామిడికాయలు రాగానే అమ్మ కొనుక్కొస్తుంది, కొత్త రోజు కోసం ఆగకుండా మాతోపాటు కూర్చుని తింటుంది. వద్దనడానికి నాకు నోరు రాదు.